తాళం పడని పాత చర్చ

జైపాల్‌కు ఒక అలవాటుంది. తాను గెలిచాననుకున్న రోజున ఓడినవాళ్ళకు చాయ్ తాగిస్తాడు. సోమవారం పొద్దున్నే చిక్కడపల్లిలో నా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, కింది హోటల్ నుంచి రెండు చాయ్‌లు పైకి తెప్పించాడు. సంగతేమిటో నాకు అప్పుడే అర్థమైంది.

ఆయన రిటైరైన సీఐ. ఇప్పుడు బషీర్‌బాగ్‌లో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాడు. పాత పరిచయాల వల్ల ఏ స్టేషన్‌లోనైనా ఆయనకు కుర్చీ వేస్తారు. నేనూ డిటెక్టివ్‌నే, కానీ నేను వెళితే ఎవరు కావాలి అని అడుగుతారు. ఈ తేడా ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"కేసు ఖతం, నర్మద మేడం," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "సాయంత్రం ఈదయ్యను మేజిస్ట్రేట్ ముందు పెడ్తరు. మీరు ఊకె పరేషాన్ గాకుండ్రి."

ఆ ఈదయ్య భార్య నర్సింహమ్మ అక్కడే, బల్లకు ఇవతల నా పక్కనే కూర్చుని ఉంది. మహబూబ్‌నగర్ అవతల పల్లె నుంచి వచ్చి, కవాడిగూడ బస్తీలో కాపురముంటూ, మొగుడితో పాటు ఇటుకలు మోసే మనిషి. ఆమె అక్కడ లేనట్టే మాట్లాడాడు జైపాల్. నాకు ఒళ్ళు మండింది. ఆయన నాకు తెప్పించిన చాయ్ ఆయన వైపే జరిపి, ఉన్న సంగతులన్నీ మళ్ళీ ఒకసారి వరసగా చెప్పమన్నాను. గెలిచినవాడికి ఇంతకంటే ఇష్టమైన పని ఉండదు కాబట్టి సంతోషంగా చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం అశోక్‌నగర్‌లో జగదీశ్వర్ అనే పెద్దమనిషి తన ఇంటి వెనక గదిలో తల పగిలి పడి ఉన్నాడు. ఇప్పటికీ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆయనకు పాత వాల్వు రేడియోల పిచ్చి. వాళ్ళ నాయన కాచిగూడలో ఓ చిన్న గదిలో కూర్చుని సొంతంగా చేత్తో కట్టిన రేడియో ఒకటి ఆయన దగ్గరుంది. అలాంటిది ఇంకొకటి లేదు. ఆదివారం నుంచి అది కనిపించడం లేదు. ఆ రోజు ఇంట్లో పనిచేస్తున్నది మేస్త్రీ ఈదయ్య ఒక్కడే. జగదీశ్వర్ చొక్కా నిండా ఈదయ్య సిమెంటు చేతుల మరకలే.

"లేపి ఆటోల ఏసుకొని దవఖానకు తీస్కపోయింది నా మొగుడే గద సారూ," అంది నర్సింహమ్మ. "మరకలు గాకుంటే ఏమైతయి?"

జైపాల్ ఆమెకు జవాబు చెప్పలేదు. నాకు చెప్పాడు. జగదీశ్వర్ సభ్యుడుగా ఉన్న ఇంటర్నెట్ వేదిక ఒకటుంది, పేరు 'వాల్వు రేడియో మిత్రులు'. దాని మోడరేటర్, అంటే వేదికను అదుపులో పెట్టే పెద్ద, ధర్మారావు. ఆ సభ్యులు ప్రతి ఆదివారం నారాయణగూడలో ఒక హోటల్లో కలుస్తారు. నిన్న పదకొండింటి నుంచి అందరూ అక్కడే ఉన్నారు. పదకొండు నలభైకి వాళ్ళ ఫోన్లు మోగాయి. జగదీశ్వర్ వేదికలో ఒక పాత చర్చలో ఏదో రాశాడు. అంటే అప్పటికి ఆయన నిక్షేపంగా ఉన్నాడు, హోటల్లో ఉన్నవాళ్ళెవరికీ ఈ గొడవతో సంబంధం లేదు. మిగిలింది ఈదయ్య ఒక్కడే. తాను సిమెంటు తేవడానికి వెళ్ళి, పన్నెండింటికి తిరిగొచ్చి చూశానంటాడు. వెనక గదిలో ఏం పని చేస్తున్నావంటే మాత్రం నోరు తెరవడు.

"తప్పు చెయ్యనోడు నోరెందుకు మూస్కుంటడు మేడం?" అన్నాడు జైపాల్, నా వంతు చాయ్ కూడా తనే తాగేస్తూ.

మిమ్మల్ని ఈ కేసులోకి పిలిచిందెవరని అడిగాను. ధర్మారావేనట. మిత్రుడి మీద ప్రేమతో నిన్న సాయంత్రమే వచ్చి బతిమాలాడట. ఆ ప్రేమను మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

స్టేషన్‌లో ఈదయ్యతో మాట్లాడటానికి నాకు దొరికింది కాస్త వ్యవధి మాత్రమే. సన్నటి మనిషి, గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చున్నాడు. కొట్టావా అంటే లేదన్నాడు. పొద్దున ఏం చేశావంటే, గోడలో కరెంటు తీగలున్నాయని మెయిన్ బంద్ చేసి పని మొదలుపెట్టానన్నాడు. ఆ పనేమిటని అడిగితే తల దించుకున్నాడు. చెప్పకపోతే జైలుకు పోతావని గదమాయించాను. నిజం చెప్పాలంటే నర్సింహమ్మ ముఖం గుర్తొచ్చి నాకే భయమేసింది.

"మాటిచ్చిన అక్క," అన్నాడు. "సారు లేచినంక సారునే అడుగు."

అంతే, ఇంకొక్క మాట రాల్లేదు. కోపం వచ్చింది, గౌరవమూ కలిగింది.

అశోక్‌నగర్ ఇంటికి నాతో పాటు జైపాల్ కూడా వచ్చాడు. నేనేం వెతుకుతానో చూసి నవ్వుకోవడానికి. జగదీశ్వర్ భార్య ప్రభావతి గారు ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చి ఉన్నారు. నిన్న ఆమె చెల్లెలి ఇంటికి వెళ్ళి, కబురు తెలిసి పరుగెత్తుకొచ్చారు. ఆమెతో పాటు వెనక గదిలోకి వెళ్ళాం.

మూడు గోడలకూ అరలు, అరల నిండా రేడియోలు. నడిమి అరలో ఒక్కచోట ఖాళీ. కిటికీ దగ్గర బల్ల మీద కంప్యూటర్. నాలుగో గోడకు పాత చెక్క బీరువా. దాని అంచు వెంబడి కొత్త ప్లాస్టర్ పట్టీ ఇంకా పూర్తిగా ఆరలేదు. తీగల కోసం చెక్కిన గాడి పూడ్చినట్టున్నాడు అనుకున్నాను.

"గంత చిన్న పని చెప్పనీకి కూడ సిగ్గుపడుతుండు సూడుండ్రి," అన్నాడు జైపాల్.

నేను ఖాళీ అర వంక చూస్తూ ప్రభావతి గారిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. నిన్న మీరొచ్చేసరికి ఈ గదిలో ఫ్యాన్ తిరుగుతోందా?

ఆ హడావిడి ఆమెకు మళ్ళీ కళ్ళ ముందు కదిలినట్టుంది, పమిట చెంగుతో కళ్ళొత్తుకున్నారు.

"లేదు బిడ్డా. ఉక్కపోస్తుంటే స్విచ్చి ఏసిన, తిరగలె. కరెంటు పోయిందేమో అనుకొని బయటికొచ్చి చూస్తే మెయిన్ బంద్ ఉండె. నేనే ఏసిన."

"ఈ మాట పోలీసులకు చెప్పారా?"

"ఎవ్వరడగలె గద."

జైపాల్ ముఖంలో నవ్వు కొంచెం పలచబడింది. మెయిన్ బంద్ అయి ఉంటే కంప్యూటర్ నడవదు. జగదీశ్వర్ దగ్గరున్నది మీటల ఫోన్, దాంట్లో ఇంటర్నెట్టే లేదు. మరి పదకొండు నలభైకి ఆయన ఎలా రాశాడు? జైపాల్ పాత పోలీసు కదా, వెంటనే తేరుకున్నాడు. సిమెంటుకు వెళ్ళేముందు ఈదయ్య మెయిన్ వేసి ఉంటాడు, కొట్టిన తర్వాత మళ్ళీ తీసి ఉంటాడు అన్నాడు. తీసిపారేయదగ్గ మాట కాదది. నాకు చిరాకేసింది.

కంప్యూటర్ ఆన్ చేసి ఆ చర్చ చూపించమన్నాను. తెరవడానికి రహస్యపదం అడిగింది. ప్రభావతి గారు కాస్త సిగ్గుపడుతూ తన పేరే కొట్టారు. ఇంటర్నెట్ తెలియని రోజుల్లో ధర్మారావే వచ్చి ఆ ఖాతా తెరిచి ఇచ్చాడట, రహస్యపదం ఏం పెట్టను అంటే మా ఆయనకు ఇంకేదీ తోచలేదు అన్నారు.

ఆ చర్చ ఆరేళ్ళ నాటిది. నాయన కట్టిన రేడియో గురించి జగదీశ్వర్ రాస్తే, సభ్యులందరూ పోటీలుపడి మెచ్చుకున్నారు. ఒక్క ధర్మారావు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. తర్వాత ఆరేళ్ళ నిశ్శబ్దం. ఆ కింద నిన్న పదకొండు నలభైకి జగదీశ్వర్ పేరుతో రెండు వాక్యాలు: "పాత చర్చను లేపుతున్నందుకు మిత్రులు మన్నించాలి. మా నాయన రేడియో ఇప్పుడే వింటున్నాను, ఇంకా చక్కగా పాడుతోంది."

చదవగానే ప్రభావతి గారు తెర మీదకు వంగారు. "ఇది మా ఆయన రాసింది కాదు," అన్నారు.

అంత గట్టిగా ఎలా చెబుతున్నారని అడిగాను. ఆమెకు ఆ రేడియోల గోల నచ్చదు గానీ, పదేళ్ళుగా భోజనాల దగ్గర వినీ వినీ వేదిక మర్యాదలన్నీ నోటికి వచ్చేశాయి. చల్లారిపోయిన చర్చలో ఒకరు రాస్తే, గతంలో అందులో రాసినవాళ్ళందరికీ ఫోన్ మోగుతుంది. అందుకని ఊరికే లేపకూడదు. బాగుంది, థాంక్స్ అనడానికి అసలే లేపకూడదు. కొత్త సంగతేదైనా తెస్తేనే లేపాలి. అలా తెచ్చినా సరే, మొదటి వాక్యంలో మన్నింపు అడిగి తీరాలని ధర్మారావు రూలు పెట్టాడు. జగదీశ్వర్ దానికి ఒప్పుకోలేదు.

"కొత్త ముచ్చట తెస్తున్నప్పుడు మన్నింపెందుకు అడగాలె అని నెల రోజులు కొట్లాడిండు. ధర్మారావు ఆయన్ను నెల పాటు బయట పెట్టిండు కూడ. అన్నం తినలే ఆ పూట. గసుంటి మనిషి ఇప్పుడు మన్నించమంటడా?"

నేను పాత చర్చలు ఒక్కొక్కటీ తిప్పుతూ పోయాను. కొత్త సంగతి లేకుండా లేపిన చర్చ ఏదైనా సరే, ధర్మారావు అక్కడికి వచ్చి ఇంకెవరూ రాయకుండా తాళం వేసేశాడు. ఒక కుర్రాడు పాపం 'సూపర్ సర్' అన్నందుకు తాళం. ఒకామె బల్బు ఎక్కడ దొరుకుతుందని అడిగినందుకు తాళం, పైగా పాఠం. తాళం వేయడమంటే ఆయనకు అంత సరదా. నిన్నటి పోస్టులో కొత్త సంగతి ఒక్కటీ లేదు. అయినా తాళం పడలేదు. మర్యాద తెలిసిన సభ్యులు తాళం కోసం ఎదురుచూస్తూ ఒక్కరూ జవాబు రాయలేదు.

ఇది రహస్యపదం తెలిసిన ధర్మారావు పని. తాను హోటల్లో ఉండగా జగదీశ్వర్ నిక్షేపంగా ఉన్నాడనిపించాలంటే ఆ పోస్టు నలుగురి కంటా పడాలి. అందుకే కొత్త చర్చ మొదలుపెట్టకుండా అందరి ఫోన్లూ మోగించే పాత చర్చను లేపాడు. మెయిన్ బంద్ ఉందని తెలియక రేడియోను కూడా పాడించాడు. వేరేవాడి పేరుతో రాస్తున్నా, తాను పెట్టిన రూలు తన వేళ్ళనే ముందుకు నెట్టి మన్నింపు అడిగించింది. ఇదంతా చెబితే జైపాల్ నన్ను జాలిగా చూశాడు.

"మన్నించుమన్నడని, తాళమెయ్యలేదని మేజిస్ట్రేట్‌కు చెప్తరా మేడం? నవ్వి పంపిస్తడు."

ఆయన అన్నది నిజం. ఇదంతా నాకు నమ్మకం కలిగించిందే గానీ ఈదయ్యను విడిపించదు. రుజువు కావాలి. సాయంత్రం లోపల కావాలి.

వేదిక రూల్స్ పేజీ మొదటి నుంచి చదివాను. కింద ఎక్కడో ఉంది నాకు కావలసిన మాట: ఒక ఖాతా ఎన్ని ఫోన్లలో తెరిచి ఉంటే అన్ని ఫోన్లకూ కబురు వెళుతుంది. నాకు నవ్వొచ్చింది. వెంటనే ప్రభావతి గారి ఫోన్‌లో జగదీశ్వర్ ఖాతా తెరిచి పెట్టి, ఆసుపత్రిలో కూర్చుని చూస్తూ ఉండమన్నాను. నా పేరుతోనూ ఒక ఖాతా తెరుచుకున్నాను. తర్వాత స్టేషన్‌కు ఫోన్ చేసి ఎస్సైని నారాయణగూడ హోటల్‌కు రమ్మని అడిగాను. ఆయన నా మాట వినడు కాబట్టి ఫోన్ జైపాల్ చేతికిచ్చాను. ఓడిపోతే నా ముఖం చూడాలన్న ఆశతో జైపాల్ ఆనందంగా పిలిచాడు.

మధ్యాహ్నం ఆ హోటల్లో ధర్మారావు సభ్యులందరినీ పిలిచి ఉన్నాడు, మిత్రుడు కోలుకోవాలని కోరుకోవడానికట. తెల్లటి లాల్చీ, నెమ్మదైన గొంతు. లేచి నాకు కుర్చీ చూపించాడు. బల్ల మీద చాయ్ కప్పుల మధ్య అందరి ఫోన్లూ ఉన్నాయి. జైపాల్ వెళ్ళి సరిగ్గా ధర్మారావు పక్కన కూర్చున్నాడు. ఎస్సై గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

నిన్న ఇక్కడికి ఎన్నింటికి వచ్చారని అడిగాను. పదకొండుకు, అందరూ చూశారు అన్నాడు ధర్మారావు. అంతకుముందు అశోక్‌నగర్ వెళ్ళారా? లేదు, కాచిగూడలో మా ఇంటి నుంచి నేరుగా వచ్చాను. జగదీశ్వర్ పోస్టుకు తాళం ఎందుకు వేయలేదు? ఆ ప్రశ్నకు మాత్రం ఆయన చెంచా చాయ్‌లో ఒకసారి ఎక్కువ తిప్పాడు.

"పాత దోస్తు గదా అమ్మా. ఎప్పుడూ రూల్స్ చూస్తమా?"

బల్ల చుట్టూ ఉన్న సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాళాలు పడినవాళ్ళే అందరూ. నాకు అది చాలు, కానీ ఎస్సైకి చాలదు.

"మీరు ఆ చర్చలో ఎప్పుడైనా రాశారా?" అని అడిగాను.

"నేను రాయలే. అందరికీ తెల్సు."

"మరి మోడరేటర్ కాబట్టి ప్రతి చర్చకూ మీకు ఫోన్ మోగుతుందా?"

"ఎవరన్న ఫిర్యాదు చేస్తేనే మోగుతది," అన్నాడు గర్వంగా. పక్కనున్న సభ్యులు తలలూపారు.

నా ఫోన్ తీసి, ముందే టైప్ చేసి పెట్టుకున్న మాటలు ఆ చర్చలోకి వదిలాను. "నా పేరు నర్మద, డిటెక్టివ్‌ని. కొత్త సంగతి తెచ్చాను కాబట్టి మన్నింపు అడగను. నిన్న ఈ చర్చను లేపింది జగదీశ్వర్ గారు కాదు."

ధర్మారావు తన ఫోన్‌లో జగదీశ్వర్ ఖాతా మూసేసి ఉంటే నా పని గోవిందా. కానీ ఆ పేరుతో మళ్ళీ అవసరం పడొచ్చని వాడు దాన్ని తెరిచే ఉంచుకుంటాడని నా లెక్క. పైగా నిన్నటి నుంచి ఎవరూ జవాబు రాయలేదు, వాడి ఫోన్ ఒక్కసారీ మోగలేదు.

బల్ల మీద ఫోన్లు మోగాయి. ఆరేళ్ళ క్రితం మెచ్చుకున్న వాళ్ళవన్నీ వరసగా మోగాయి. వాటితో పాటు చాయ్ కప్పు పక్కన వెల్లకిలా ఉన్న ధర్మారావు ఫోన్ కూడా మోగింది.

ఆయన చెయ్యి చాపేలోపు జైపాల్ చూశాడు. ముప్పై ఏళ్ళ పోలీసు ఉద్యోగం ఊరికే పోదు. ఆ చేతి మీద తన చెయ్యి వేసి నొక్కిపట్టి, తెర మీది అక్షరాలు పైకి చదివాడు.

"జగదీశ్వర్ గారూ, మీరు రాసిన చర్చకు కొత్త జవాబు వచ్చింది."

చదవడం పూర్తయ్యాక గానీ తానేం చదివాడో ఆయనకు తెలియలేదు. తెలిశాక ముఖం కందగడ్డలా అయింది. తనను పిలిచి, బతిమాలి, ఈదయ్య వైపు వేలు చూపించినవాడి వంక అలాగే చూస్తుండిపోయాడు. నా జీవితంలో అంత రుచిగల చాయ్ తాగలేదు, అది ఎవరి కప్పో కూడా చూసుకోలేదు.

ధర్మారావు ఎక్కువసేపు నిలవలేదు. ఎస్సై ఫోన్ తీసుకుని రెండు ఖాతాలూ పక్కపక్కన తెరిచి ఉండటం చూపించగానే కూలబడ్డాడు. ఎన్నేళ్ళుగానో ఆ రేడియో అడుగుతున్నాడట. నిన్న దారిలో ఆగి మళ్ళీ అడిగితే, జగదీశ్వర్ పొమ్మన్నాడట. పెనుగులాటలో తోస్తే గడప మీద పడ్డాడట. చచ్చిపోయాడనుకుని రేడియో కారులో వేసుకుని ఇక్కడికి వచ్చి కూర్చుని, బల్ల కింద ఫోన్ పెట్టుకుని ఆ రెండు వాక్యాలు రాశాడు. రేడియో ఇంకా కారు డిక్కీలోనే ఉంది.

ఎస్సై దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. నున్నటి టేకు పెట్టె. సభ్యుల్లో ఒకాయన ఆత్రంగా వెనక అట్ట విప్పి లోపలికి చూసి, "ఇదేంది?" అన్నాడు. లోపల ఎక్కడా దొరికే మామూలు రేడియో సామాను, బరువు కోసం పేర్చినట్టు ఉంది. నాయన కట్టిన రేడియో అందులో లేదు. జైపాల్ గభాలున నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో మళ్ళీ ఈదయ్య మెదిలాడని నాకు తెలిసింది.

అప్పుడే అందరి ఫోన్లూ రెండోసారి మోగాయి. ఎస్సై చేతిలో ఉన్న ధర్మారావు ఫోన్ మాత్రం ఈసారి మోగలేదు. రాసింది జగదీశ్వర్. తన పోస్టుకు తనకే కబురు రాదు కదా.

నేను పైకి చదివాను. "ఇప్పుడే కళ్ళు తెరిచాను. ప్రభావతి టైప్ చేస్తోంది, చెబుతున్నది నేనే. మన్నింపు అడగను, కొత్త సంగతి ఉంది. ధర్మారావు కన్ను పడిందని, అసలు రేడియో పెట్టెలోంచి తీసి దాచాను. అది మా ఇంట్లోనే, బీరువా వెనక ఈదయ్య కట్టిన గూట్లో ఉంది. ఎవ్వరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. ముందు అతన్ని ఇంటికి పంపండి."

బల్ల చుట్టూ ఉన్న ఆ పెద్దవాళ్ళంతా పిల్లల్లా చప్పట్లు కొట్టారు. బీరువా జరిపి చూడాలన్న బుద్ధి నాకు పుట్టనందుకు నన్ను నేను తిట్టుకుంటూనే నేనూ కొట్టాను. జైపాల్ లేచి నిలబడ్డాడు. అందరి చాయ్‌లూ తన లెక్కలో వేయమని హోటల్ వాడికి చెప్పి, స్టేషన్‌కు తన కారులోనే వెళదాం రమ్మన్నాడు.

స్టేషన్ గుమ్మంలో నర్సింహమ్మ పొద్దుటి నుంచి నిలబడే ఉంది. ఈదయ్య బయటికి వచ్చాక ఆమె రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుని అలాగే ఉండిపోయింది. జైపాల్ వాళ్ళ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. తప్పయింది అన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి, అదీ నర్సింహమ్మతో అన్నాడు.

నేను ఈదయ్యకు ఫోన్ చూపించి, సారు లేచారు, గూడు సంగతి ఆయనే చెప్పేశారు, ఇంక నీ మాట తీరినట్టే అన్నాను.

ఈదయ్య పెద్దగా ఊపిరి వదిలాడు. తర్వాత ఎండ వంక చూసి కంగారుపడ్డాడు.

"అయితే జర అశోక్‌నగర్‌ల దించుతరా అక్క," అన్నాడు. "ప్లాస్టర్‌కు నిన్నటి సంది నీళ్ళు కొట్టలే. పగుళ్ళొస్తయి."